మెతుకుసీమలో మా పెళ్ళిరోజు, క్రిస్మస్!

హిందువుల అబ్బాయీ, క్రైస్తవుల అమ్మాయీ ప్రేమించుకున్నారనుకోండి. మన తెలుగు సినిమాలో ఆఖరి రీలు ఎలా ఉండాలి?

ఒకటి 'మిస్సమ్మ' దారి. 1955లో ఎల్.వి.ప్రసాద్ గారు తీసిన ఆ చిత్రంలో సావిత్రి మేరీ, రామారావు గారు ఎమ్.టి.రావు. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాల్లా నటిస్తారు. తీరా నిజంగా మనసులు కలిసేసరికి కాలి మీద పుట్టుమచ్చ బయటపడుతుంది. మేరీ కాస్తా జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అయి కూర్చుంటుంది! ఇంకేం, చిక్కు విడిపోయింది, శుభం కార్డు పడిపోయింది.

రెండోది 'సీతాకోకచిలుక' దారి. 1981లో వచ్చిన ఆ చిత్రం చివర భారతీరాజా అబ్బాయి చేత జంధ్యం, అమ్మాయి చేత శిలువ తీసి పారేయించాడు. చూసిన కుర్రకారు ఉర్రూతలూగిపోయారు.

బాగానే ఉంది. మరి పుట్టుమచ్చా లేక, ఉన్నది పారేయడానికీ మనసొప్పని వాళ్ళ సంగతేమిటండీ? అలాంటి జంటల్లో మాదీ ఒకటి. అందుకే ఈ ప్రయాణం కబుర్లు మీకు చెప్పాలనిపించింది.

మా పెళ్ళి 2021 డిసెంబరు 24న రిజిస్ట్రారు కచేరీలో జరిగింది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షుల్ని వెంటబెట్టుకుని వెళ్ళాం. ఎవరి మతం వారికి ఉంచేసి పెళ్ళి చేసే చట్టమది. చట్టం ఒప్పుకుంది గానీ, ఇళ్ళు ఒప్పుకోవడానికి టైము పట్టింది. పాప పుట్టాక మా అమ్మ మా దగ్గరే ఉంటోంది. కోడలంటే ప్రాణం పెడుతుంది. కానీ మెదక్‌లోని వియ్యాలవారి గడప మాత్రం తొక్కలేదు. వాళ్ళూ బాలానగర్‌లోని మా ఇంటికి రాలేదు. దాంతో ప్రతి డిసెంబరులోనూ ఒకటే గొడవ. 24న పెళ్ళిరోజు పాయసం ఇక్కడ, 25న పండుగ అక్కడ. మధ్యలో పాపని చంకనేసుకుని బస్సులో మా ఆవిడ ఒక్కతే!

2025 డిసెంబరులో ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. కొత్త చీరా వద్దు, కేకూ వద్దు, అందరం కలిసి మెదక్ వెళ్ళాలి. అమ్మని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే షరతు పెట్టింది.

"పోదాం గని, ముందుగాల ఏడుపాయల దుర్గమ్మను చూసినంకనే."

సరేనన్నాం. 24 తెల్లారి బాలానగర్‌లో బస్సెక్కాం. అమ్మ చేతిలో రెండు బియ్యం సంచులు ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఎందుకమ్మా అంటే జవాబు లేదు.

తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం కదా. ఆ పథకం పేరు మహాలక్ష్మి. కండక్టరు అమ్మకీ, మా ఆవిడకీ సున్నా టిక్కెట్లు కొట్టి, డబ్బుల కోసం నా వంక చూశాడు. మేరీ మహాలక్ష్మి కావాలంటే ఇప్పుడు పుట్టుమచ్చ అక్కర్లేదు, ఆధార్ కార్డు చాలు! ఈ మాట అంటే మా ఆవిడ నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

నర్సాపూర్ అడవి వచ్చేసరికి పాప లేచి కూర్చుంది. రోడ్డు పక్కన కోతుల గుంపులు చూసి ఒకటే కేరింతలు. అడవి దాటితే చెట్లూ, చెరువులూ, పొలాలూ. మెదక్‌కి పూర్వం మెతుకుదుర్గం అనే పేరుండేదని చెబుతారు. ఇప్పటికీ ఆ ప్రాంతాన్ని మెతుకుసీమ అనే అంటారు. అన్నం మెతుకు పేరు పెట్టుకున్న సీమ ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే తెలియదు.

ముందు అమ్మవారు

మెదక్‌లో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఏడుపాయల అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. మంజీరా నది అక్కడ ఏడు పాయలుగా చీలుతుంది. ఒక్కో పాయకీ ఒక్కో ఋషి పేరు చెబుతారు. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. రాళ్ళ మధ్య, నీళ్ళ పక్కన వనదుర్గా భవాని గుడి. వానాకాలం పైనుంచి వరద వస్తే నీళ్ళు గుడిలోకే వచ్చేస్తాయి. శివరాత్రి జాతరకి ఇసక వేస్తే రాలనంత జనం వస్తారు. మేం వెళ్ళింది చలికాలం కాబట్టి పాయలు బుద్ధిగా, చిన్నగా పారుతున్నాయి.

అమ్మ పెద్ద సంచి విప్పింది. అందులో పసుపు కలిపిన బియ్యం ఉంది. అమ్మవారికి ఒడిబియ్యం సమర్పించి, చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. మా ఆవిడ కాస్త వెనగ్గా పాపని పట్టుకుని నుంచుంది. దండం పెట్టమని అమ్మ అనలేదు. అమ్మ కొంగు నీళ్ళలో తడుస్తుంటే మా ఆవిడే వంగి పైకి దోపింది. మా నాలుగో పెళ్ళిరోజు పొద్దున అలా గడిచింది. తర్వాత ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. పాప ప్రతి పాయకీ ఒక రాయి చొప్పున విసురుతానని మొదలుపెట్టి మూడో రాయికే లెక్క మర్చిపోయింది.

పసుపు కలపని బియ్యం

సాయంత్రానికి అత్తవారింటికి చేరాం. వాకిట్లో కాగితం నక్షత్రం వెలుగుతోంది. లోపల్నుంచి అరిసెల వాసన. మామయ్య గారు ఎదురొచ్చారు గానీ ఏం మాట్లాడాలో తోచక పాపనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. అత్తయ్య గారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. నాలుగేళ్ళుగా ఫోన్లో కూడా పలకరించుకోని ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా! నా గుండెలు దడదడలాడాయి సుమా!

అమ్మే ముందు నోరు విప్పింది. "వదినా, మంచిగున్నవా?" అని, చిన్న సంచి ముందుకు చాచింది.

"పసుపు కలుపలేదు, ఉత్త బియ్యమే. బిడ్డ ఒడిల తల్లిగారే పొయ్యాలె గని, నేను పోస్తే ఏం బాగుంటది?"

ఒడిబియ్యం సంగతి తెలియని వాళ్ళకి ఒక మాట. తెలంగాణలో పెళ్ళయిన ఆడపిల్లకి పుట్టింటివారు ఒడిలో బియ్యం పోసి దీవించి పంపుతారు. పసుపు కలిపిన బియ్యంతో పాటు కుంకుమ, వక్క, ఎండు కొబ్బరి కుడుకలు, రవిక గుడ్డ కూడా పెడతారు. అత్తింటికి వచ్చాక ఆ బియ్యం వండి నలుగురికీ పెట్టాలి. మా పెళ్ళికి ఆ ముచ్చట జరగలేదు. అదే అమ్మ మనసులో నాలుగేళ్ళుగా మెదులుతోందని ఆ రోజే తెలిసింది. పసుపూ కుంకుమా ఉంటే వియ్యపురాలు ఇబ్బంది పడుతుందేమోనని వాటిని ఇంట్లోనే వదిలేసి, బియ్యం మాత్రం మోసుకొచ్చింది!

అత్తయ్య గారు సంచి అందుకున్నారు. "ప్రార్థన చేసి పోస్త వదినా. మీకేం పట్టింపు లేదు గద?"

"నీ బిడ్డకు నువ్వు పోసుకుంటున్నవు. నాకేం పట్టింపు?"

మా ఆవిడ కొంగు పట్టి పీట మీద కూర్చుంది. అత్తయ్య గారు కళ్ళు మూసుకుని చిన్నగా ప్రార్థన చేసి, దోసిళ్ళతో బియ్యం పోశారు. కొంగులో పడ్డ బియ్యం మీద మా ఆవిడ కన్నీళ్ళు కూడా పడ్డాయి. పక్కగదిలో మామయ్య గారు ముక్కు చీదుకోవడం అందరికీ వినిపించింది. సినిమా అయితే ఇక్కడ వయొలిన్లు మోగేవి. మాకు మాత్రం వీధిలో పిల్లల కేరల్స్ వినిపించాయి.

నాలుగున్నరకే ఆరాధన

మర్నాడు చీకటుండగానే లేపేశారు. మెదక్ చర్చిలో క్రిస్మస్ తొలి ఆరాధన తెల్లవారుజామున నాలుగున్నరకే. చలికి పళ్ళు టకటకలాడుతున్నా రోడ్ల నిండా జనం. దీపాల వెలుగులో చర్చి గోపురం దూరం నుంచే కనిపించింది. దాని ఎత్తు 175 అడుగులు. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. లోపల అయిదు వేల మంది దాకా పడతారు. ఇంతా చేసి మెదక్ పెద్ద నగరమేం కాదు. అంత చిన్న ఊరికి ఇంత పెద్ద చర్చి ఎలా వచ్చింది?

ఆ కథ మామయ్య గారు చెప్పారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అని వెస్లియన్ మిషన్ దొర ఒకాయన ఉండేవారు. 1914లో పని మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. అవి కరువు రోజులు. తిండి లేక జనం అల్లాడుతుంటే, పని చూపించి తిండి పెట్టాలని ఆయన ఈ కట్టడాన్ని ఆసరా చేసుకున్నారు. రాయి మోసినవాడికీ, సున్నం కలిపినవాడికీ పూట గడిచింది.

"మా తాత గీ రాళ్ళు మోసినోడే. కూలికి పోతే ఇంట్ల పొయ్యి వెలిగేదట" అన్నారు మామయ్య గారు గోడని తడుముతూ.

అమ్మ ఆ గోడ వంక కాసేపు చూసి, "మెతుకు పెట్టిన జాగ" అంటూ చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

లోపల నేలంతా ఇంగ్లండు నుంచి తెప్పించిన రంగు పలకలు. పొద్దెక్కుతున్న కొద్దీ అసలు అందం మొదలైంది. మూడు పెద్ద గాజు కిటికీలున్నాయి. ఒక పక్క క్రీస్తు పుట్టుక, ఒక పక్క శిలువ, ఎదురుగా బలిపీఠం వెనక ఆరోహణం. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరుతో ప్రసిద్ధికెక్కినవవి. చీకట్లో ఉత్త నల్లగాజే. బయట ఎండ తగిలితే లోపల బొమ్మ వెలుగుతుంది. మన సినిమా తెర కూడా అంతే కదూ!

అమ్మ తలెత్తి చూసి, నా భుజం తట్టింది.

"గీయన 'కరుణామయుడు' సినిమాల విజయచందర్ లెక్కనే ఉన్నడు గదరా!"

1978లో వచ్చిన ఆ సినిమాని అమ్మ చిన్నప్పుడు ఊళ్ళో తెర కట్టి వేస్తే చూసిందట. నాకు నవ్వొచ్చింది గానీ ఆవిడ ఇంకా పూర్తి చేయలేదు.

"గాయిననే గద మల్ల సాయిబాబా ఏసిండు. గాయినకు లేని పట్టింపు నాకెందుకురా?"

నిజమే. 1986లో 'శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం'లో బాబా కూడా ఆయనే! ఎంతమంది పెద్దలు ఎన్ని చెప్పినా విప్పలేని ముడిని అమ్మ ఒక్క నటుడితో విప్పేసింది.

బయట పాదిరి గార్ల దగ్గర దీవెన కోసం జనం వరసలు కట్టారు. అందులో బొట్టున్నవాళ్ళూ ఉన్నారు, బురఖాలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. పాపని ఎత్తుకుని వరసలో నిలబడింది ఎవరనుకున్నారు? మా అమ్మే. పాదిరి గారు పాప తల మీద చెయ్యి పెట్టినంతసేపూ బొట్టు పెట్టుకున్న నానమ్మా, శిలువ గొలుసు వేసుకున్న అమ్మమ్మా చెరోపక్క నుంచున్నారు.

అన్నీ తేలిపోయాయని చెప్పను. వచ్చే జూన్‌లో పాపని బడిలో వేయాలి. దరఖాస్తులో మతం అనే గడి ఒకటి ఉంటుంది. అక్కడ ఏం రాయాలో మేమింకా తేల్చుకోలేదు. ఇద్దరు పెద్దవాళ్ళూ ఆ మాట ఎత్తరు, మేమూ ఎత్తం. కానీ జనవరి 1న మాత్రం అత్తయ్య గారూ, మామయ్య గారూ మొదటిసారి బాలానగర్‌లో మా గడప తొక్కారు. ఒడిబియ్యం వండిన రోజు పుట్టింటివాళ్ళు లేకపోతే ఎలా అని అమ్మ పట్టుబట్టి పిలిచింది మరి!

వెళ్ళాలనుకుంటే

హైదరాబాద్ నుంచి మెదక్ సుమారు 100 కిలోమీటర్లు. బాలానగర్, నర్సాపూర్ మీదుగా బస్సులున్నాయి. 2022 నుంచి రైలు కూడా నడుస్తోంది. క్రిస్మస్ నాడైతే జాతర జనం, పిల్లల చెయ్యి వదలకండి. తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు వెళ్ళండి. గాజు కిటికీల అందం కావాలంటే పొద్దుండగానే చర్చిలో ఉండాలి. ఏడుపాయలకి వానాకాలంలో బయల్దేరేముందు వరద సంగతి కనుక్కోండి. పొద్దున్నే బయల్దేరితే రెండూ ఒక్కరోజులో చూసి రావచ్చు. అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళండి, దారిలో తినడానికి పులిహోర మర్చిపోకండి!