టన్ను గంట, కొత్త గొంతు

రాత్రి నుంచి రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ పాత కచేరీ వీడియోలే చూస్తున్నా. 1980 ఫిబ్రవరిలో వాళ్ల గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. జులైలో 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బమ్ వచ్చేసింది, అప్పటికే టూరూ మొదలైపోయింది! కొత్తగా వచ్చిన బ్రయన్ జాన్సన్ న్యూకాసిల్ ప్రాంతపు మనిషి. పిలుపొచ్చేనాటికి కార్లకు వినైల్ టాపులు వేసుకుంటూ బతుకుతున్నాడు. తమాషా ఏంటంటే, ఒకప్పుడు అతని పాట విని తెగ మెచ్చుకున్నవాడు ఆ బాన్ స్కాటే.

నాకు పిచ్చి మాత్రం ఆ కచేరీల్లో మోగే గంట మీద. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో పోత పోయించిన టన్ను బరువు కంచు గంట. స్టేజీ మీద వేలాడుతుంటే, నెత్తిన టోపీతో జాన్సన్ సుత్తి పట్టుకెళ్లి ఠంగుమని కొడతాడు. పోయినవాడి కోసం మోగే గంటతోనే కొత్తవాడి అరంగేట్రం! పైగా బాన్‌ని అనుకరించనూ లేదు, తన పీక తనే చించుకున్నాడు.

2016లో వినికిడి సమస్యతో జాన్సన్ ఆగిపోతే, మరో రాక్ గాయకుడు యాక్సెల్ రోజ్ విరిగిన కాలితో, ఇంకో రాకర్ డేవ్ గ్రోల్ అరువిచ్చిన సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. బాగానే పాడాడు లెండి. నాకైతే ఆ టోపీ లేని ఏసీ/డీసీ ఉప్పులేని పప్పే.