ఒకే పేరు - ఇద్దరు మనుషులు

వార్షికోత్సవ సంచికకు నీ ఉద్యోగం గురించే రాయమని సంపాదక మిత్రులు కోరారు. లైనక్స్ కెర్నల్‌లో వచ్చే మార్పులను చదివి, మా కంపెనీ వాడే కెర్నల్‌లోకి తీసుకోవచ్చో లేదో చెప్పడం నా పని. అలాంటి మార్పును ప్యాచ్ అంటారు. వాటిలో ఒకదాని గురించి చెబుతాను.

1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ కెర్నల్ నేడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, పెద్ద పెద్ద సర్వర్లలోనూ ఉంది. అందులో వేల కొద్దీ ఫంక్షన్లుంటాయి. ఏదైనా తేడా వస్తే, ఫలానా ఫంక్షన్ ఎప్పుడు నడుస్తోందో కనిపెట్టడానికి కేప్రోబ్ అనే సాధనం ఉంది. పేరు చెబితే చాలు, అక్కడ కాపలా పెడుతుంది.

చిక్కల్లా పేరుతోనే. ఒక ఫైలుకే పరిమితమైన స్టాటిక్ ఫంక్షన్‌కు మరో ఫైలులోనూ అదే పేరు ఉండవచ్చు. ఉదాహరణకు నేమ్_షో అనే పేరుతో కెర్నల్‌లో చాలా ఫంక్షన్లున్నాయి. పాత పద్ధతిలో కేప్రోబ్ మొదట దొరికినదాని దగ్గర నిలబడిపోయేది. తప్పని చెప్పేది కాదు. మా ఆఫీసులో ఒకాయన రెండు రోజులు అలా వేరే ఫంక్షన్‌ని చూస్తూ కూర్చున్నాడు.

ఇది చదువుతుంటే నాకు మన హాస్టల్ మనియార్డరు గుర్తొచ్చింది. మా బ్యాచ్‌లో ఇంటిపేరుతో సహా ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుండేవారు. దసరాకు ఇంటికి రమ్మని ఒకరి నాన్న పంపిన 150 రూపాయలు, పిలవగానే ముందు పలికినవాడి చేతికి వెళ్ళాయి. కూపన్ మీద "మన గేదె ఈనింది" అని రాసి ఉంది. "మాకు గేదె ఎక్కడిదిరా!" అంటూ వాడే పరుగున వచ్చి రెండోవాడికి ఇచ్చాడు. లేకపోతే రెండోవాడి పండుగ హాస్టల్లోనే. ఆ రోజు నుంచి వార్డెన్ గారు పేరు పక్కన ఊరు కూడా రాయించారు.

2023 అక్టోబరులో కెర్నల్‌లో చేరిన ప్యాచ్ చేసింది అదే. ఆ పేరుతో ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెడుతుంది. ఒక్కటీ లేకపోతే లేదంటుంది. ఒకటికి మించి ఉంటే, తానే ఒకదాన్ని ఎంచుకోకుండా తిప్పి పంపుతుంది. అప్పుడు దగ్గరలో ఉన్న మరో ఫంక్షన్ పేరు, అక్కడి నుంచి ఎంత దూరమో చెప్పాలి. అంటే ఊరు చెప్పినట్టే.

"పెద్దవాళ్ళు ఒప్పుకున్నదే కదా, తీసుకో" అన్నారు మా సీనియర్. నేను ఒక్కటే అడిగాను: "సార్, విడిగా లోడయ్యే మాడ్యూళ్ళలోని ఫంక్షన్లను కూడా ఇది లెక్కపెడుతోందా?" పెట్టి చూశాం. మాడ్యూల్‌లో ఉన్న ఫంక్షన్‌ను కూడా లేదనే అంది! వారికి లెక్క కెర్నల్ లోపలి పట్టికతోనే సరిపోయింది. దాన్ని సరిదిద్దే ప్యాచ్ కూడా కెర్నల్‌లోకి వచ్చింది. రెండూ కలిపే తీసుకున్నాం.

తమ్ముళ్ళూ, మన పేర్లు కూడా చాలా జాబితాల్లో ఉంటాయి. స్కాలర్‌షిప్ జాబితాలో మీ పేరు కనబడగానే సంబరపడకండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఖాతా నంబరు చూసుకోండి. పేరు లేదంటే, ఏ పట్టికలో వెతికారో అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.