ఐదు వోల్టుల పిన్, మూడు ఫేజుల మోటారు



పోయిన టర్మ్‌లో మన తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు ఇంట్లో ఒక ఎలక్ట్రానిక్ బోర్డు కాల్చాడు. కాలింది వాడి చేతిలోనే అయినా తప్పు నాది. ఆ సంగతి, ఆ తర్వాత వాళ్ల నాన్నగారు నాకు నేర్పిన సంగతి మీకు చెప్పాలని ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

సైన్స్ ఫేర్‌కు ఏం చేద్దామని అడిగితే చాలామంది పిల్లలు అగ్నిపర్వతం అనో, సిరంజీలతో జేసీబీ అనో చెప్తారు. గట్టు వైపు నుంచి బస్సులో వచ్చే ఈ అబ్బాయి మాత్రం, "మేడమ్, మా బోరు కాడ కరెంటు ఉందో లేదో ఇంట్ల కూసొనే తెలిసేటట్టు చెయ్యాలె" అన్నాడు. వాళ్లది సీడ్ పత్తి వేసే ఇల్లు. 2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. అయినా గాలివాన కొట్టి ఫ్యూజు పోతే, మోటారు నడుస్తోందో లేదో చూడటానికి వాళ్ల నాన్న రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని చేనికి పోవాల్సిందే. వాడికి ఆ నడక తప్పించాలని ఉంది.

నాకు చాలా సంతోషమైంది. ల్యాబ్‌లో ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు చూపించాను. అరచేతిలో పట్టే ఆ బోర్డు మీద మైక్రోకంట్రోలర్ అనే నల్లటి చిప్ ఉంటుంది. దాని అనలాగ్ పిన్‌కు వోల్టేజి ఇస్తే, 0 నుంచి 5 వోల్టుల దాకా కొలిచి, 0 నుంచి 1023 వరకు ఒక అంకెగా చెప్తుంది. "ఫోనుకు మెసేజ్ పంపడం తర్వాత సంగతి. ముందు కరెంటు ఉందని బోర్డుకు తెలియాలి. ఈ పిన్‌కు వోల్టేజి ఇస్తే అది చదువుతుంది" అని చెప్పి బెల్ కొట్టగానే వేరే క్లాసుకు వెళ్లిపోయాను. ఐదు వోల్టులు దాటితే ఏమవుతుందో చెప్పలేదు.

వాడు దాచుకున్న డబ్బుతో అలాంటి బోర్డే ఒకటి కొనుక్కున్నాడు. ఇంట్లో దొరికిన బ్యాటరీ, పత్తికి మందు కొట్టే స్ప్రే పంపుది, 12 వోల్టులది. దాని ఎర్ర వైరు నేరుగా పిన్‌కు పెట్టాడు. బోర్డు మళ్లీ పని చేయలేదు.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో తిడతారని భయం, నేను ఫేర్ నుంచి తీసేస్తానని భయం. ఐదో రోజు వచ్చి, "మేడమ్, 12 వోల్టులు చదవాలంటే ఎట్ల?" అని మాత్రం అడిగాడు. ముఖం చూస్తే విషయం అర్థమైంది. "కాలిందా?" అన్నాను. తల దించుకున్నాడు. "చెప్పాల్సింది నేను చెప్పలేదు. పద ల్యాబ్‌కు" అన్నాను.

ఆ రోజు చేసింది వోల్టేజి డివైడర్. రెండు రెసిస్టర్లు, ఒకటి 10 కిలో ఓములు, ఇంకోటి 4.7 కిలో ఓములు, ఒకదాని వెంట ఒకటి కలిపాం. ఆ జతకు ఒక చివర బ్యాటరీ ప్లస్, ఇంకో చివర మైనస్. బోర్డు గ్రౌండ్ కూడా ఆ మైనస్‌కే. రెండు రెసిస్టర్లు కలిసే చోటు నుంచి పిన్‌కు వైరు. మొత్తం వోల్టేజిలో 14.7కు 4.7 వంతు, అంటే దాదాపు మూడో వంతే పిన్‌కు చేరుతుంది. 12 వోల్టులకు 3.84. అయితే బ్యాటరీ మీద 12 అని రాసి ఉన్నా చార్జింగ్‌లో 14 దాటుతుంది. 14.4కు లెక్క వేస్తే 4.6 వచ్చింది. ఐదు లోపే. రాసి ఉన్న అంకెకు కాకుండా, రాగలిగిన పెద్ద అంకెకు లెక్క వేయాలని అప్పుడు చెప్పాను.

మల్టీమీటర్ పెట్టే ముందే జవాబు నోట్‌బుక్‌లో రాయమన్నాను. బ్యాటరీ 12.6 ఉంది. వాడు 4.03 రాశాడు, మీటరు 3.98 చూపించింది. "తప్పయింది మేడమ్" అన్నాడు. తప్పు కాదు. రెసిస్టర్ మీద బంగారు రంగు గీత ఉంటే దాని విలువ 5 శాతం వరకు అటూ ఇటూ ఉండొచ్చని అర్థం. ఓమ్ సూత్రం నేను ఏటా బోర్డు మీద రాస్తాను. అది ఒక వస్తువును కాలకుండా కాపాడటం క్లాసులో చూపించింది మాత్రం ఆ రోజే.

అప్పుడు వాడు అడిగిన ప్రశ్నకు నా గుండె ఆగినంత పనైంది. "అయితే మేడమ్, పెద్ద రెసిస్టర్ పెట్టి స్టార్టర్ డబ్బాల వైరు కూడా ఇట్లనే కలపొచ్చు కదా?"

లెక్క ప్రకారం వాడి మాటలో తప్పు లేదు. కానీ ఇంటి కరెంటు 230 వోల్టులంటాం గానీ, ప్రతి అలలోనూ అది 325 దాకా లేస్తుంది. పైగా రెసిస్టర్లు వోల్టేజిని తగ్గిస్తాయే తప్ప లైనును వేరు చేయవు. ఒక్క వైరు ఊడినా, ఒక్క కనెక్షన్ తారుమారైనా బోర్డు, దానికి కలిపిన కంప్యూటరు, ముట్టుకున్న పిల్లవాడు, అన్నీ నేరుగా లైనుకు తగిలినట్టే. ఆ మాట నాలుగు సార్లు చెప్పించి, వాడి చేతనే నోట్‌బుక్‌లో రాయించాను.

మరి దారి? మంచి మొబైల్ చార్జరు. అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ లైనును, మనం ముట్టుకునే 5 వోల్టుల వైపును వేరుగా ఉంచుతుంది. కరెంటు ఉంటే 5 వోల్టులు వస్తాయి, పోతే రావు. చార్జరు నుంచి ఒక్కోసారి ఐదుకు కాస్త ఎక్కువ రావచ్చు కాబట్టి, రెండు సమానమైన రెసిస్టర్లతో సగం చేశాం. బోర్డులో 512 దగ్గర అంకె వచ్చింది. చార్జరు పీకితే సున్నా. కింది రెసిస్టర్ వల్ల ఇంకో లాభం. అది లేకుండా పిన్‌ను ఖాళీగా వదిలేస్తే, కరెంటు లేకపోయినా తోచిన అంకె చూపిస్తుంది.

ఆ వారమే ఫీజు కట్టడానికి వాళ్ల నాన్నగారు వచ్చారు. బోర్డు సంగతి అప్పటికే తెలిసింది. "మేడమ్, అప్పుజేసి పంపుతున్నం. వైర్లు కాలవెట్టుకునుడు మార్కులకు వస్తదా?" అన్నారు. కోపంగా కాదు, అలసటగా. నాకు జవాబు దొరకలేదు. ల్యాబ్‌కు రమ్మన్నాను.

అబ్బాయి చార్జరు పెట్టాడు, బల్బు వెలిగింది. పీకాడు, క్షణం ఆగి ఆరిపోయింది. ఆయన మౌనంగా చూసి, "ఇది ఒక్క ఫేజే కదరా చూసేది?" అన్నారు. "బోరు మోటారుకు మూడు కావాలె. ఒక ఫేజు పోయినా మిగిలిన వాటి మీద ఇంట్ల లైటు వెలుగుతనే ఉంటది. మోటారు మాత్రం గుర్రుమని వేడెక్కి కాలిపోతది. పోయినేడు మనది అట్లనే పోయింది. నీ మిషను కరెంటు ఉందనే చెప్పు."

బీఈడీ చదివిన నేనూ, మూడు వారాలుగా దాని మీదే కూర్చున్న పిల్లవాడూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాకు తట్టనిది అదే. "నాయినా, నీకు ఇవన్ని ఎరుకనా?" అన్నాడు వాడు. ఆయన నవ్వారు.

ఫేర్‌లో మూడు చార్జర్లు, మూడు పిన్‌లు పెట్టాం. మూడు ఫేజులకు బదులు మూడు స్విచ్‌లు. ఏ ఒక్కటి ఆపినా బజర్ మోగుతుంది. మోటార్లకు ఇలాంటి రక్షణ పరికరాలు బజారులో ఉన్నాయని వాడికి తెలుసు, చూసేవాళ్లకు ఆ మాట కూడా చెప్పాడు. చేను దగ్గర మాత్రం ఏదీ బిగించలేదు. అది ఎలక్ట్రీషియన్ పని.

మిమ్మల్ని అడిగేవి మూడే. ప్రాజెక్టు అంటూ పిల్లలు ఇంట్లో ప్లగ్గు దగ్గరకో, స్టార్టర్ డబ్బా దగ్గరకో పోతే ఆపండి, వెంటనే మాకు ఫోన్ చేయండి. బ్యాటరీతో చేస్తూ ఏదైనా పాడు చేస్తే తిట్టే ముందు ఏది దేనికి కలిపావని అడగండి. తిట్లకు భయపడి దాచిన పిల్లవాడు రెండోసారి దాచేది 230 వోల్టుల సంగతి కావచ్చు. మూడోది, మీకు తెలిసిన పని వాళ్లకు చెప్పండి. మగ్గం కావచ్చు, మోటారు కావచ్చు, దుకాణం లెక్క కావచ్చు. ఇంగ్లిష్‌లోనే చెప్పాలని లేదు.

ఆ కాలిన బోర్డు మన ల్యాబ్ షెల్ఫులోనే ఉంది. "5 వోల్టులే" అని దాని కింద చీటీ అంటించింది ఆ అబ్బాయే. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు చూసి వెళ్లండి.

మీ పిల్లల ఫిజిక్స్ టీచర్,
గద్వాల