వాయిదాల కారు, వాయిదా వేసిన కారు

కోకాపేటలో కారు కేవలం విలాసమని మేము అనము. మెట్రో రాయదుర్గం వద్దే ఆగిపోతుంది. అక్కడి నుండి వృద్ధులతో, పసిపిల్లలతో ఇల్లు చేరడం శ్రమే. అయితే 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికిన ఈ ప్రాంతంలో అవసరానికీ ఆడంబరానికీ మధ్య గీత ఇట్టే చెరిగిపోతుంది.

వడ్డీని అల్లాహ్ నిషేధించాడు. మా ఇంట్లో అది మొదటి మాట. లెక్క ఆ తరువాత. 9 శాతం వడ్డీకి 10 లక్షలు 7 సంవత్సరాలకు తీసుకుంటే నెలకు దాదాపు 16,090 రూపాయల వాయిదా. చివరికి చెల్లించేది సుమారు 13 లక్షల 51 వేలు. అదే సొమ్మును నెలనెలా దాచుకుంటే 63 నెలల్లో 10 లక్షలు సమకూరుతాయి. అప్పటికి ధర పెరిగితే చిన్న కారుతోనో, వాడిన కారుతోనో సరిపెట్టుకుంటాము.

జీతాన్నీ, క్రెడిట్ స్కోరునూ చూసి బ్యాంకు మన అర్హతను నిర్ణయిస్తుంది. కానీ ఉద్యోగం పోయిన నెలలో వాయిదా ఆగదు.

అప్పు మిగిల్చి మరణించిన ఒక వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు బాధ్యత స్వీకరించిన తరువాతే చేయించారు. అప్పును వ్రాసి పెట్టుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. అందుకే బంధువుల వద్ద తీసుకున్న వడ్డీ లేని చేబదులును సైతం గడువుతో సహా వ్రాసుకుంటాము.

ప్రస్తుతం అవసరమైనప్పుడు క్యాబ్ పిలుస్తున్నాము. ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలం గురించి ఇరుగుపొరుగు అడిగితే చిరునవ్వుతో బదులివ్వగలము. తీర్చని అప్పు గురించి అల్లాహ్ అడిగితే ఏమని బదులివ్వగలము?