పెరటికోళ్ల యారోగ్యము

ఇంటి జమాఖర్చులలో కోడిపెట్టకు పద్దు వ్రాయు గృహిణులు తక్కువ. నూకలు, తవుడు, ఆకుకూరల కాడలు, పళ్లెములో మిగిలిన మెతుకులు తిని యది మనకు గ్రుడ్డు నిచ్చును. కావున దానికై వేఱుగ వ్యయము చేయుచున్నట్లు మనకు తోచదు. అది చచ్చిననాడు మాత్రమే దాని విలువ తెలియును. ఆ విలువను ముందుగనే యెఱిగి, కోళ్ల నెట్లు కాపాడుకొనవలెనో సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని మా కోరిక.

మేము తోడికోడండ్ర మిద్దఱము తార్నాకలో నొక పాతయింట కాపురముండువారము. మాకు దాపుననే ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ కలదు. అచ్చట నేటికిని చెట్లు, పొదలు, నెమళ్లు కలవు. ఇటు ప్రక్క అంతస్తుల మేడలు లేచినవి. 2017 నుండి తలపైన మెట్రోరైలు పోవుచున్నది. ఐనను పాతయిండ్ల పెరళ్లలోను, చుట్టుపట్ల బస్తీలలోను కోళ్లు ఇంకను కూయుచునే యున్నవి. మా పెరటిలో నాటుపెట్టలు ఏడును, రాజేంద్రనగరపు కోళ్ల పరిశోధనాసంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా జాతి పెట్టలు నాలుగును కలవు.

గ్రుడ్డు మాట చెప్పవలెనన్నచో, తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలైన యా సంస్థ 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. ఏబది గ్రాముల గ్రుడ్డులో సుమారు ఆఱు గ్రాముల మాంసకృత్తు లున్నవి. ఎదుగు పిల్లలకును, బాలెంతలకును ఇంత సులభముగా నింటనే దొరకు బలమైన ఆహార మరుదు. కావున కోడికి వచ్చిన తెగులు కోడితోనే పోదు. పిల్లవాని కంచములోనికిని వచ్చును.

మా పుట్టినిండ్లు పల్లెలు. అచ్చట కోళ్లు తెల్లవాఱగనే కళ్లముల మీదికిని, చేలగట్ల మీదికిని పోయి సాయంకాలమునకు గూడు చేరును. వాని రెట్ట ఒకేచోట పడదు. పట్నములోనో, పదిగజముల పెరడే వానికి లోకము. నేడు రెట్టవేసిన చోటనే రేపు గింజ లేఱుకొని తినును. ఏండ్లు గడచినకొలది ఆ నేల రోగములకు గాదెయగును. ఈ భేదము తెలియక, పల్లెలో మందుమాకులు లేకయే పెరిగిన కోళ్లు పట్నములో నేల చచ్చుచున్నవని చాలమంది విచారించుచుందురు.

కొంతకాలము క్రిందట వానకాలమున మా పొరుగింట పదునాలుగు కోడిపిల్లలలో పదునొకండు నాలుగు దినములలో చచ్చినవి. అవి రెక్కలు వ్రేలవైచి, కన్నులు మూసి, మూలల ముడుచుకొని నిలిచెడివి. రెట్టలో నెత్తురు పడెడిది. ఆ యింటికి క్రొత్తకోడలు వచ్చి అప్పటికి నెలకాలేదు. "అమ్మాయి అడుగుపెట్టిన వేళ మంచిది కాదేమో" యని ఎవరో అనిరి. ఆ మాట చెవినిబడి యా పిల్ల అన్నము సయించక కుమిలిపోవుచుండెను. మేము పోయి ఆమె అత్తగారితో, "పిన్నిగారూ, వేళమాట తరువాత చూచుకొందము. ముందీ రెట్టను పశువైద్యునకు చూపుదము, రండి" అంటిమి. ఆమె ముందు సందేహించినను, తుదకు మావెంట బయలుదేరెను.

వైద్యుడు ఆ రెట్టను సూక్ష్మదర్శినితో చూచి, అందు కాక్సీడియా యను క్రిములు లెక్కకు మిక్కిలిగ నున్నవనియు, ఇది రక్తపారుడు తెగులనియు చెప్పెను. రెట్టతో వెలువడు ఆ క్రిముల బీజములు పొడినేలపై అంతగా వృద్ధిపొందవు. వెచ్చదనము, తడి దొరకినచో ఒకటి రెండు దినములలోనే పక్వమై, తిన్నపిల్ల కడుపులో ప్రేగులను గాయపఱచును. గూటిప్రక్క నున్న నీళ్లతొట్టి పగిలి, కోడలు కాపురమునకు రాకముందు నుండియు అచ్చట నేల చిత్తడిగ నుండెనని అప్పుడు అందఱకును జ్ఞప్తికి వచ్చెను. మందు నీటిలో గలిపి త్రాగించి, ఊక మార్చి, తొట్టి బాగుచేయించిరి. మిగిలిన మూడు పిల్లలు బ్రదికినవి. ఆ రాత్రి అత్తగారు తానే కోడలిని పిలిచి దగ్గఱ కూర్చుండి వడ్డించినదని తెలిసి మా మనసు కుదుటబడెను.

రోగమెచ్చట దాగియున్నదో వెదకుటకు మన నగరమే ఒక గొప్ప ఉదాహరణ చూపినది. 1897 ఆగస్టు 20వ తేదీని సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దొర, మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. మఱుసటి యేట కలకత్తాలో పక్షులకు వచ్చు మలేరియాను పరిశీలించి, ఆ రోగము దోమకాటు వలన ఒకదానినుండి మఱియొకదానికి సంక్రమించునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమాన మిచ్చిరి. బేగంపేటలో ఆయన పేరనున్న పరాన్నజీవి పరిశోధనాలయము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినదే. రోగి దేహమునందే కాక, రోగమొక దేహమునుండి మఱియొక దేహమునకు పోవు దారిని వెదకవలెననుట ఆయన నేర్పిన పాఠము. పెరటికోళ్లకును ఇదియే సూత్రము. కోడికి మందిచ్చి నేలను విడిచినచో, ఆ నేలయే మరల రోగమిచ్చును.

ఏలికపాములను చూడుడు. వాని గ్రుడ్లు రెట్టతో నేలబడి, రెండు మూడు వారములలో పక్వమై, నీడయు తేమయు గలచోట నెలల తరబడి బ్రదికియుండును. బద్దెపురుగుల దారి వేఱు. చీమలు, పేడపురుగులు, ఈగలు మొదలగువానిని కోడి తినుటచేత అవి కడుపు చేరును. కోడి బాగుగ తినుచునే చిక్కిపోవుట, జుట్టు పాలిపోవుట, గ్రుడ్లు తగ్గుట వీని గుర్తులు. ఏలికపాములకు పనిచేయు మందు బద్దెపురుగులకు పనిచేయక పోవచ్చును. కావున రెట్ట పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన మందు చెప్పిన కొలతనే ఈయవలెను. మందిచ్చిన పిదప ఎన్ని దినములు గ్రుడ్లు తినరాదో అడిగి తెలిసికొనుట మఱవరాదు. కోడి కడుపులోని ఏలికపాములు మన పిల్లలకు రావు. ఐనను రెట్టలో వేఱు రోగక్రిము లుండును గనుక గూడు తాకినచేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

ఇక పైనుండు శత్రువులు పేలును, నల్లులవంటి సన్నపురుగులును. పేలు ఈకల మొదళ్ల యందే కాపురముండును. తోకక్రింద ఈకలు విడదీసి చూచినచో కనబడును. ఒకమారు మందు చల్లినంతమాత్రమున పోవు. గ్రుడ్లనుండి క్రొత్తవి పుట్టును గనుక వారము పదిదినములకు మరల చల్లవలెను. సన్నపురుగులు పగలు గూటి పగుళ్లలో దాగి, రాత్రి వచ్చి నెత్తురు పీల్చును. రాత్రివేళ దీపముతో కోళ్లు కూర్చుండు కఱ్ఱ అడుగు చూచినచో ఎఱ్ఱని చుక్కలవలె గనబడును. వీనికి కోడిమీదకంటె గూటిమీదనే యుద్ధము చేయవలెను: మఱుగునీరు పోయుట, పగుళ్లు పూడ్చుట, సున్నము కొట్టుట, ఎండబెట్టుట. ఒక మూల జల్లెడపట్టిన పొడిమన్నును బూడిదయు పోసియుంచినచో కోళ్లు తామే పొర్లి దేహము శుభ్రపఱచుకొనును. పైరులకు కొట్టు విషమును కోళ్లపై చల్లరాదు. మా వీథిలో నొకరట్లు చేయగా రెండు మంచిపెట్టలు సాయంకాలమునకే చచ్చినవి.

పురుగులు మెల్లగ తినును. కొక్కెర తెగులు మాత్రము ఒక్కవారములో గూడు ఖాళీచేయును. మనదేశమున 1927లో కుమావూ కొండలలోని రాణీఖేత్‌లో గుర్తింపబడుటచే దానికా యూరిపేరే వచ్చినది. నోరు తెఱచి రొప్పుట, పచ్చని విరేచనములు, మెడ మెలితిరుగుట దాని లక్షణములు. వచ్చిన పిదప మందు లేదు. రాకుండ టీకా కలదు. పిల్ల పుట్టిన మొదటివారములో కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క వేయింతురు. రెండు నెలల ప్రాయమున సూది వేయింతురు. టీకాకు వారము ముందుగా కడుపులోని పురుగులకు మందిచ్చినచో టీకా బాగుగ పట్టును. టీకామందును మంచులోనుంచి తెచ్చి, కలిపిన వెంటనే వాడవలెను. సంతలో కొన్న క్రొత్తకోడిని మూడువారములు వేఱుగనుంచిన గాని తక్కినవానిలో కలుపరాదు. ఒక్కుమ్మడి పెక్కు కోళ్లు చచ్చినచో వానిని కోయక, తాకక, పశువైద్యశాలకు కబురు పంపవలెను.

మేము పాటించు నియమములు స్వల్పములు. పెరటిని దడితో రెండుభాగములు చేసి, నాలుగు నెలలొక భాగమున కోళ్లను విడిచి, రెండవదానిని ఎండకు విడుతుము. పిల్లలను పెద్దకోళ్లతో కలుపము. పెద్దవి పైకి బాగుగనుండియు రోగబీజములను వెదజల్లును. గింజలు నేలపై చల్లక తొట్టిలో పోయుదుము. నీళ్లపాత్రను ఇటుకపై నుంచుదుము. దినదినము రెట్ట యూడ్చి ఎరువుగోతిలో మూయుదుము. అందలి వేడి పురుగుల గ్రుడ్లను చంపును. ప్రొద్దున గూడు తలుపు తెఱచినపుడు ఏ కోడి వెనుకబడినది, ఏ జుట్టు పాలినది, రెట్ట యెట్లున్నది యని చూచుటకు ఐదు నిమిషములు చాలును.

సోదరీమణులారా! ఈ పనికి విశేషమైన ధనమక్కఱలేదు. పొడినేల, శుభ్రమైన నీరు, చూచు కన్ను చాలును. పెరటిలో కీడు కలిగినపుడు ఇంటివారి ముఖములు చూచుటకు ముందు గూటిలోని నేల చూడుడు. కారణ మక్కడ దొరకినచో కోళ్లును బ్రదుకును, ఇంటి మనసులును చల్లగ నుండును.