నవ్వించే ఉద్యోగం

మా మాదాపూర్‌లో ఎవరినైనా ముందుగా పేరు అడగరు; కంపెనీ అడుగుతారు. కాస్త చనువు కుదిరితే జీతం అడుగుతారు. పేరు సంగతి ఆ తరువాత. 1998లో ఇక్కడ సైబర్ టవర్స్ తెరిచిన నాటినుంచి ఈ ప్రాంతానికి పట్టుకున్న అలవాటిది. సాయంత్రం హాస్టళ్ళ ముందు టీ బండ్ల దగ్గర నిలబడి వినండి. ఇంటర్వ్యూలో ఏమడిగారు, నువ్వేం చెప్పావు, ఎన్నో రౌండుదాకా నెగ్గావు - ఇవే కబుర్లు. ఇలాంటిచోట ఆ ఇంటర్వ్యూ మీదనే పరిహాసమాడినవాణ్ణి కుర్రకారు నెత్తిన పెట్టుకున్నారంటే వింత ఏముంది?

అతను నవీన్ పోలిశెట్టి. హైదరాబాదు కుర్రవాడే. అందరు తల్లిదండ్రులూ కోరుకున్నట్లే ఇంజనీరింగు చదివాడు, అదీ భోపాలు వెళ్ళి. అందరిలాగే ఉద్యోగంలోనూ చేరాడు. తరువాతే అందరిలాగా నడుచుకోలేదు. నటనమీది మోజుతో ఉద్యోగం వదిలి ముంబయి దారి పట్టాడు.

వెళ్ళినవాడికి ఎవరూ ఎర్ర తివాచీ పరచలేదు. తెలుగులో 2012లో శేఖర్ కమ్ముల తీసిన ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’లో ఒక వేషం, 2014లో మహేశ్‌బాబు ‘1 నేనొక్కడినే’లో మరొక వేషం దొరికాయి. చూసినవాళ్ళలో ఎంతమందికి ఆ ముఖం గుర్తుండిపోయిందో చెప్పలేను.

మలుపు సినిమాలో కాదు, యూట్యూబులో వచ్చింది. ముంబయిలో ఎ.ఐ.బి. అనే హాస్యబృందం ఉండేది. దాని పూర్తిపేరు పిల్లలున్న ఇంట్లో పైకి చదివేది కాదు గనుక మూడక్షరాలతో సరిపెట్టుకుందాం. 2017లో వాళ్ళు ఇంజనీరింగు కాలేజీలో క్యాంపస్ ఇంటర్వ్యూల మీద ఒక హాస్యదృశ్యం తీశారు. అందులో విద్యార్థిగా నవీన్ కనిపించాడు. అంతే! దేశంలో ఇంజనీరింగు కాలేజీ ఉన్న ప్రతి ఊళ్ళోనూ అతను తెలిసిపోయాడు.

ఇలాంటి హాస్యదృశ్యాలను ఈనాటివాళ్ళు స్కెచ్ అంటున్నారు గాని, మనకు ఇది కొత్త సరుకు కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు వంద సంవత్సరాలకు పూర్వమే ప్రహసనాలు రాశారు. నలుగురు మనుషులు, ఒక చోటు, లోకానికి పట్టిన ఒక జబ్బు - ఈ మూడూ ఉంటే ప్రహసనమే. మారింది రంగస్థలం మాత్రమే. అయితే ప్రహసనం పండాలంటే ఆ జబ్బు రాసేవాడికో, ఆడేవాడికో బాగా తెలిసి ఉండాలి. నాలుగేళ్ళ చదువంతా అరగంట ఇంటర్వ్యూలో తేలిపోయే ఆ దడ నవీన్‌కు తెలుసు. ప్రతివాడూ సిగ్గుపడి దాచుకున్న కష్టాన్ని ఒకడు బయటపెట్టి నవ్వించేసరికి తక్కినవాళ్ళకు ఊపిరి ఆడింది.

ఆ తరువాత 2019లో ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ వచ్చింది. నెల్లూరులో డిటెక్టివు పని వెలగబెట్టే యువకుడి కథ. స్వరూప్ దర్శకుడు. రచనలో నవీన్ చెయ్యి కూడా ఉంది. ఆ సంవత్సరమే హిందీలో ‘ఛిఛోరే’. అదీ ఇంజనీరింగు హాస్టలు కథే. 2021 మార్చిలో అనుదీప్ దర్శకత్వంలో ‘జాతిరత్నాలు’ విడుదలైంది. నాన్న నడిపే లేడీస్ ఎంపోరియం వదిలి, హైదరాబాదులో ఉద్యోగం చేస్తానని జోగిపేటనుంచి బయలుదేరిన శ్రీకాంత్‌ను చూడటానికి, కరోనాకు జడిసి ఇళ్ళలో కూర్చున్న జనం మళ్ళీ థియేటర్ల ముందు వరుస కట్టారు. 2023లో ఇంటిపేరే సినిమా పేరులోకి ఎక్కింది: ‘మిస్ శెట్టి మిస్టర్ పోలిశెట్టి’. అందులో అతని వేషం వేదికమీద నవ్వించేవాడిదే. 2024లో చెయ్యి విరిగి చాలాకాలం పనికి దూరమైనప్పుడు కూడా, ఆ విరిగిన చేతిమీదనే హాస్యమాడి వీడియో పెట్టాడు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. ఈ వీధిలో ఏ కుర్రవాడు ఉద్యోగం మానాలనుకున్నా సాక్ష్యానికి నవీన్‌నే పిలుస్తాడు. మావాడూ అంతే. మొన్న భోజనాలయ్యాక, “నాన్నా, ఉద్యోగం మానేసి స్కెచ్‌లు చేస్తాను. నవీన్ మానలేదూ?” అన్నాడు. మా ఆవిడ చేతిలోని మజ్జిగ గిన్నె అలాగే ఉండిపోయింది.

నేను ముప్పైయేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. “నవీన్ మానిన రోజు ఒక్కటే లెక్కపెట్టావు. 2012కూ 2019కీ మధ్య ఎన్నేళ్ళో కూడా తీసివేసి చూడు” అన్నాను.

“ఏడు” అన్నాడు.

“ఆ ఏడేళ్ళూ నీకు ఒప్పుదలేనా? అతనికి ఇంజనీరింగు చదువు దండగ కాలేదు. అదే పెట్టుబడి అయింది. వేషం ఇచ్చేవాళ్ళకోసం కూర్చోకుండా తన కథకు తానూ కలం పట్టాడు. నువ్వేమైనా రాశావా?”

మూడు రాశానన్నాడు. ఒకటి చదివించాను. అర్ధరాత్రి అమెరికావాళ్ళతో మీటింగు జరుగుతూండగా పక్కగదిలోంచి తల్లి “పాలు కలుపుకున్నావురా?” అని కేకవేస్తే, అది ఏడు దేశాలవాళ్ళకు వినిపించడం దాని వస్తువు. మా ఆవిడ మొదట ముఖం ముడుచుకుంది. రెండోసారి కేక వచ్చేసరికి కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. నవ్వడం అయిపోయాక కళ్ళు తుడుచుకుని, “అది సరే, మరి నెలజీతం?” అన్నది.

వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ప్రస్తుతానికి ఉద్యోగమూ సాగుతున్నది, రాతా సాగుతున్నది. వచ్చే ఆదివారం నాలుగోది వినిపిస్తాడట. మా ఆవిడ ఎదురింటివాళ్ళనూ, మేడమీదివాళ్ళనూ పిలిచింది. కన్నతల్లి నవ్వితే లెక్కలోకి రాదని ఆవిడ వాదన.