వంత

వచ్చే నెల ప్రదర్శన. ఎనిమిది గిటార్లు, ఎనిమిది మందిమి, అందులో ముగ్గురం ఆడవాళ్ళం. సికింద్రాబాద్‌లో ఒక మేడమీది గదిలో వారానికి రెండు సాయంత్రాలు, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా రిహార్సల్. ఆ వేళ ఎవరు పెట్టారో తెలీదు. పెట్టినవారికి ఇంట్లో పొయ్యితో పనిలేదని మాత్రం చెప్పగలను.

మేం వాయించబోయే వాటిలో పాకెల్‌బెల్ కానన్ ఒకటి. పెళ్ళి వీడియోల్లో వినీ వినీ అరిగిపోయిన బాణీయే. 17వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త యోహాన్ పాకెల్‌బెల్ దాన్ని మూడు వయొలిన్లకీ, వాటి కింద ఒక బేస్‌కీ రాశాడు. బేస్‌కి ఉన్నవి ఎనిమిదే స్వరాలు, దెబ్బకొకటి, మన ఆదితాళం ఒక ఆవర్తనమంత. మొదటి వయొలిన్ అందుకున్నాక బేస్ ఒక చుట్టు తిరిగేసరికి రెండోది అదే పాట ఎత్తుకుంటుంది. ఇంకో చుట్టుకి మూడోది. అంటే పై ముగ్గురిదీ ఒకటే పాట, ముందూవెనకా తేడా తప్ప. బేస్‌ది మాత్రం అవే ఎనిమిది స్వరాలు, 28 సార్లు.

దీన్ని గిటార్లకి మార్చినప్పుడు పై మూడు భాగాలకీ ఇద్దరేసి, బేస్‌కి ఇద్దరు. ఆ ఇద్దరూ ఎవరో చెప్పనక్కర్లేదు. నేనూ, బ్యాంకులో పనిచేసే ఒకావిడా. మూడో అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, పై భాగంలో ఉంది. "దానికింకా పెళ్ళి కాలేదుగా" అని నవ్వేశారు బ్యాంకావిడ.

"బేస్ అంటే పునాది మేడమ్, మీరు లేకపోతే మేం లేం" అంటారు మాస్టారు. మంచివాడే. కానీ ఈ పునాది మాట మనం ఎన్ని తరాలుగా వింటున్నాం! ఇల్లాలు ఇంటికి పునాది, అమ్మ కుటుంబానికి పునాది. పొగడ్త ఎంత పెద్దదైతే అక్కణ్ణుంచి కదలడం అంత కష్టం.

గోళ్ళ సంగతి కూడా చెప్పాలి. క్లాసికల్ గిటార్‌కి ఎడమచేతి గోళ్ళు పూర్తిగా తీసేసుకోవాలి, కుడిచేతివి పెంచుకోవాలి. తీగని మీటేది గోరే. చిటికెనవేలు వదిలి తక్కిన నాలుగు గోళ్ళనీ సన్నటి గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసుకోవాలి. కాస్త చిట్లినా స్వరం గీరుకుపోతుంది. ఇప్పుడా గోళ్ళతో మాడిన గిన్నె తోమండి, చపాతీ పిండి కలపండి, కొబ్బరి కోరండి. బ్యాంకావిడకి నెలకి రెండుసార్లు గోరు విరుగుతుంది. గిటార్ వాళ్ళకో పాత చిట్కా ఉంది. పింగ్‌పాంగ్ బంతిని చిన్న ముక్కలుగా కోసి విరిగిన గోటి కింద గ్లూతో అతికించుకోవడం. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో లంచ్ బాక్సు పక్కన సగం కోసిన బంతి ఎప్పుడూ ఉంటుంది.

నిరుటి దాకా ఆవిడ మొదటి భాగం వాయించేవారు. పిల్లాడి పరీక్షలప్పుడు, అత్తగారి ఆపరేషనప్పుడు కొన్ని రిహార్సల్స్ తప్పాయి. "బేస్ అయితే మీకు తేలిక" అన్నారు. ఆఫీసు టూర్ల మీద వరసగా మూడు వారాలు రాని ఒకాయన మాత్రం మొదటి భాగంలోనే ఉన్నారు. ఆయనది ఉద్యోగం, ఈవిడది ఇల్లు!

నా పరిశోధన 1940ల నాటి బుర్రకథల మీద. నడుమ కథకుడు తంబురాతో, అటూ ఇటూ వంతలు డక్కీలతో. దూరం నుంచి చూస్తే వంతల పని తందాన తాన అనడమే అనిపిస్తుంది. కానీ ఒక వంతది హాస్యం, ఇంకో వంతది రాజకీయం. కథని ఆపి అడ్డుప్రశ్న వేసే హక్కు వాళ్ళది. ఆడవాళ్ళు వేదిక ఎక్కడమే వింతైన ఆ రోజుల్లో మోటూరి ఉదయం నాయకత్వాన తొలి మహిళా బుర్రకథ దళం బయల్దేరింది. అక్కడ కథా ఆడగొంతే చెప్పింది, అడ్డుప్రశ్నా ఆడగొంతే వేసింది. వంటకీ వంతకీ ఒక్క అక్షరమే తేడా అని క్లాసులో నేను వేసే జోకు. పిల్లలు నవ్వుతారు. ఆ అక్షరంలో ఎంత ఉందో ఈ మేడమీది గదిలోనే చూశాను.

గిటార్ నాదం వయొలిన్‌లా సాగదు. మీటిన క్షణం నుంచే ఆరిపోతూ ఉంటుంది. అందుకని ఎనిమిది మందీ ఒక్కసారే మీటాలి. లేకపోతే మూకుట్లో జొన్నలు పేలినట్టుంటుంది. పోయిన గురువారం వేగమైన స్వరాలు వచ్చే చోట అదే జరిగింది. "బేస్ వెనకబడుతోంది" అన్నారు మాస్టారు. మళ్ళీ మొదలెట్టాం. మళ్ళీ అదే మాట. మూడోసారి బ్యాంకావిడ అరచెయ్యి తీగల మీద ఆనించి ఆపేశారు. ఆవిణ్ణి చూసి నేనూ ఆపాను. పైవాళ్ళు కాసేపు గాల్లో వాయించి ఒకరొకరుగా ఆగిపోయారు.

"మేం వెనకబడలేదండీ, మీరు పరిగెడుతున్నారు."

ఇంజనీరింగ్ అమ్మాయి ఏమీ అనకుండా ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టింది. బేస్ దానితోనే నడిచింది. పైవాళ్ళు రెండో పేజీ చివరికే ముందుకెళ్ళిపోయారు, ఆ అమ్మాయితో సహా.

అప్పుడడిగాను. పై మూడు భాగాలూ ఒకటే పాట కదా, వంతులేసుకుని ఒక్కొక్కరూ కిందికి రావచ్చుగా అని. ప్రదర్శన దగ్గర పెట్టుకుని మార్పులు వద్దన్నారు టూర్ల ఆయన. మాస్టారు చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, సరే చూద్దాం అన్నారు. రిహార్సల్ వేళ మార్చే సంగతి ఇంకా తేలలేదు.

సోమవారం బ్యాంకావిడ పైకెళ్ళారు, ఉంగరపు వేలికి పింగ్‌పాంగ్ ముక్కతో. టూర్ల ఆయన వచ్చి నా పక్కన కూచున్నారు. మొదట్లో హాయిగానే వాయించారు. సగం దాటాక కాగితం మీద వరస తప్పి నా వైపు వంగారు.

"మేడమ్, ఎన్నోది ఇది?"

"పదిహేడు" అన్నాను, చెయ్యి ఆపకుండా.